నాలుగు రోడ్ల కూడలిలో ఎవరి విగ్రహం?

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంఘ కార్యదర్శి గారు కోరినప్పుడు అమరావతి గురించో కొండవీడు గురించో రాద్దామనుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే ఒక పాత ఫైలు గుర్తుకొచ్చింది. పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా అది నన్ను వదలడం లేదు. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత చరిత్రలోకి వెళతాను. రెండింటికీ సంబంధం ఉందని పాఠకులకే తెలుస్తుంది.

అది 1991. డాక్టర్ అంబేద్కర్ శతజయంతి సంవత్సరం. అంతకు ముందు ఏడాదే ఆయనకు భారతరత్న ఇచ్చారు. నేను అప్పుడు ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఆఫీసు పేరూ ఊరి పేరూ ఇక్కడ అనవసరం. ఒక పల్లె నుంచి నలుగురు వచ్చి అర్జీ ఇచ్చారు. ఊళ్లో బస్సు ఆగే కూడలి దగ్గర అంబేద్కర్ విగ్రహం పెట్టుకోవడానికి అనుమతి కావాలన్నారు. పత్తి ఏరిన కూలి, మిరపకాయలు కోసిన కూలి నుంచి తలా కొంత వేసుకుని విగ్రహం చేయించారట. చందా ఇచ్చినవాళ్ల జాబితా అర్జీకి జతపరిచారు. అందులో సంతకాల కంటే వేలిముద్రలే ఎక్కువ.

నేను నోట్‌ఫైలులో రెండు వాక్యాలు రాశాను. ప్రతిపాదిత స్థలంలో విగ్రహం వలన రాకపోకలకు అంతరాయం కలుగుతుందని ఒకటి. శాంతిభద్రతల దృష్ట్యా సిఫారసు చేయలేమని రెండోది. పై అధికారి సంతకం చేశారు. ఫైలు ముగిసింది. అయితే అంతకు రెండేళ్ల ముందు అదే కూడలిలో, రోడ్డుకు అవతలి మూల, కాలం చేసిన ఊరి పెద్ద ఒకాయన విగ్రహానికి "అభ్యంతరము లేదు" అని రాసింది కూడా నేనే. ఆ రెండు ఫైళ్లూ ఒకే బీరువాలో ఉండేవి. అలా రాయమని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం కూడా వాళ్లకు లేకపోయింది.

ఊరి నడుమ రాయి నిలబెట్టే హక్కు ఎవరిది? మన ఆఫీసు బల్లల మీదుగా ఎన్నోసార్లు వెళ్లిన ప్రశ్న ఇది. మనం దాన్ని ట్రాఫిక్ సమస్యగానే చూశాం.

అమరావతి రాళ్లు చెప్పేది

స్మారకం అంటే రాజులకూ పెద్దలకూ మాత్రమే అన్నది మన నేలలో మొదటి నుంచీ ఉన్న మాట కాదు. అమరావతి మహాచైత్యం క్రీస్తుకు పూర్వం నుంచి కొన్ని వందల ఏళ్లపాటు పెరుగుతూ వచ్చిన కట్టడం. 1797లో కల్నల్ మెకంజీ దాన్ని చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ సున్నపురాతి పలకలు ఇప్పుడు కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ, కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి.

ఆ పలకల మీద ఎవరెవరు ఏమేమి దానం చేశారో చిన్న చిన్న ప్రాకృత శాసనాలు చెక్కి ఉన్నాయి. అందులో వర్తకులున్నారు, గృహస్థులున్నారు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాడున్నాడు, భిక్షుణులున్నారు, మామూలు గృహిణులున్నారు. ఒక శాసనం ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. విధికుడు అనే చర్మకారుడు తన తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్లతో కలిసి పూర్ణకుంభం చెక్కిన పలకను దానం చేశాడు. వృత్తి దాచుకోలేదు. తోలుపని చేసేవాణ్ణని రాయి మీదనే చెప్పించుకున్నాడు.

సోదర పెన్షనర్లకు ఒక మనవి. మనం సర్వీసంతా చూసిన రాష్ట్ర ప్రభుత్వ ముద్ర గుర్తుందా? అందులో ఉన్నదీ పూర్ణకుంభమే. 2018లో ముద్రను మార్చినప్పుడు కూడా అమరావతి శిల్పం నుంచే రూపం తీసుకుని, నడుమ పూర్ణఘటాన్ని ఉంచారు. ఆ ముద్రకు విధికుడి పలకే మూలమని నేను అనడం లేదు. కానీ దాదాపు రెండు వేల ఏళ్ల కిందట ఈ గడ్డ మీద ఒక చర్మకారుడి కుటుంబం నిలబెట్టిన గుర్తు కూడా అదే. అదే గుర్తున్న కాగితం మీద నేను 1991లో ఆ పల్లెవాళ్లకు కాదని జవాబు పంపాను.

నాగార్జునకొండలో ఇంకో విశేషం. సాగర్ జలాశయం కింద ఆ లోయ మునిగిపోక ముందు జరిగిన తవ్వకాల్లో ఇక్ష్వాకుల కాలంనాటి ఛాయాస్తంభాలు బయటపడ్డాయి. చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపిన రాతి స్తంభాలవి. యుద్ధంలో పడిపోయిన సైనికుల పేర్ల మీద ఉన్నాయి. ఒక పనిమంతుడైన శిల్పి పేరు మీద కూడా ఉంది. మూడో, నాలుగో శతాబ్దంలో మన పల్నాటి అంచున చేతిపనివాడికి ఒక స్తంభం దక్కింది.

కారెంపూడి సంగతి పల్నాటివారికి నేను చెప్పనక్కరలేదు. 12వ శతాబ్దపు యుద్ధంలో పోయిన వీరులకు అక్కడ గుడి ఉంది. ఏటా కార్తీకంలో ఐదు రోజులు ఉత్సవం జరుగుతుంది. బ్రహ్మనాయుడి చాపకూడు కథలో అన్ని కులాలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని అన్నం తిన్నారు. ఆయన సేనాని మాల కన్నమదాసును ఈనాటికీ వీరుల్లో ఒకడిగా కొలుస్తారు. ఉత్సవం ముగిశాక ఇళ్లలో ఆ చాప ఎంతమంది పరుస్తున్నారన్నది వేరే ప్రశ్న. అయినా గుడిలో చోటు మాత్రం ఉంది.

దొరల కాలం, తీసేసిన విగ్రహం

నాలుగు రోడ్ల కూడలిలో నిలువెత్తు విగ్రహం పెట్టడం మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిన అలవాటు. వాళ్లు రాణులవీ గవర్నర్లవీ సేనానులవీ పెట్టారు. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో మద్రాసు మౌంట్ రోడ్డు మీద కల్నల్ నీల్ విగ్రహం ఉండేది. 1857 తిరుగుబాటును అణచేటప్పుడు అలహాబాదు, కాన్పూరు ప్రాంతాల్లో దారుణంగా ప్రతీకారం తీర్చుకున్న మనిషి అతను. అలాంటివాడు మన రోడ్డు మీద ఎందుకని 1927లో సత్యాగ్రహం జరిగింది. యువకులు జైళ్లకు వెళ్లారు. చివరకు 1937లో రాజాజీ ప్రభుత్వం వచ్చాక దాన్ని తీసి ఎగ్మూరు మ్యూజియంలో పెట్టారు.

పగలగొట్టలేదు. గౌరవస్థానం నుంచి దించి చరిత్రకు అప్పగించారు. అమరావతి పలకలున్నదీ ఆ మ్యూజియంలోనే. 2020 జూన్‌లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణంలో బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని జనం పెకలించి రేవులో పడేశారని పత్రికల్లో చదివినప్పుడు నాకు నీల్ సంగతే గుర్తుకొచ్చింది. మనవాళ్లు ఆ పని ఎనభై ఏళ్ల ముందే, ఇంకాస్త నెమ్మదిగా చేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక మన కూడళ్లలో గాంధీజీ, నెహ్రూ, ప్రకాశం పంతులు వెలిశారు. న్యాయమే. ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టడమూ న్యాయమే. కానీ అదే వరసలో ఊరూరా ఆస్తిపరుల విగ్రహాలు వచ్చాయి. బడికి స్థలం ఇచ్చినాయన, సమితి ప్రెసిడెంటు చేసినాయన. వాళ్లు మంచి చేయలేదని కాదు. స్థలం ఇవ్వడానికి మొదట స్థలం ఉండాలి కదా. లేనివాళ్లకు దానకర్తలయ్యే అవకాశమే లేదు. అలా ఊరి నడుమ రాయి భూమి పట్టాతో ముడిపడిపోయింది.

1985 తర్వాత

1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. బతికినవాళ్లు ఊరు వదిలి చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమందిని చంపారు. వాళ్లను ఊరి నడుమనే ఖననం చేశారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. చీరాలలోనూ చుండూరులోనూ ఏటా ఆ తేదీల్లో జనం చేరి నివాళులర్పిస్తారు. ఏ ప్రభుత్వమూ ప్లాను గీసి కట్టని స్మారకాలివి. మన రెండు జిల్లాల ఆధునిక చరిత్ర రాసేవాళ్లు వీటిని దాటి వెళ్లలేరు.

అంబేద్కర్ విగ్రహాలు మన పల్లెల్లో అన్ని చోట్లా లేచింది ఆ కాలంలోనే. నీలం సూటు, ఒక చేతిలో పుస్తకం, రెండో చేయి చాచి చూపుడు వేలు. శిల్పపరంగా అవి అంత బాగుండవని మన మిత్రులు కొందరు విసుక్కునేవారు. సిమెంటు బొమ్మ ముక్కు సరిగ్గా లేదని నవ్వేవారు. నేనూ నవ్వినవాణ్ణే. కానీ ఆ విగ్రహం కింద నిలబడ్డవాడికి ముక్కుతో పనేముంది? ఊరి బావి దగ్గర తన తాతకు లేని చోటు రోడ్డు మీద తన మనిషికి దొరికింది. అతనికి కావలసింది అదీ. 2024 జనవరి 19న విజయవాడలో పీఠంతో కలిపి 206 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. ఆ ఎత్తుకు పునాది పల్లెల్లో కూలి డబ్బులతో నిలిపిన ఆ సిమెంటు బొమ్మలేనని నేననుకుంటాను.

జాషువా గారి విషయమూ అంతే. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానివాడని అవమానాలు పడి, 'గబ్బిలం' రాసి, 1970లో పద్మభూషణ్ అందుకుని, 1971లో గుంటూరులో కన్నుమూశారు. గుంటూరు నగరంపాలెంలో ఆయన విగ్రహం ఉంది. బతికుండగా కొన్ని గుమ్మాలు ఎక్కనివ్వని ఊళ్లు తర్వాత ఆయనకు దండలు వేశాయి. దండ వేయడం గుమ్మం తెరవడం కంటే సులువు. అయినా అక్కడ విగ్రహం ఉంటేనే బడిపిల్లవాడు ఈయన ఎవరని అడుగుతాడు.

ట్యాంక్‌బండ్, జిన్నా టవర్

1986లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు వరసగా నిలిపింది. అందులో జాషువా ఉన్నారు, వేమన ఉన్నారు, కుమ్మరి మొల్ల ఉన్నారు, మఖ్దూం మొహియుద్దీన్ ఉన్నారు. ఒక ప్రభుత్వం అన్ని వర్గాలకూ చోటివ్వాలని చేసిన ప్రయత్నం అది. అయినా మా ప్రాంతం వాళ్లు ఎంతమంది ఉన్నారని తెలంగాణవాళ్లు అడిగారు. 2011 మార్చి 10న ఉద్యమకారులు అక్కడ చాలా విగ్రహాలు పడగొట్టారు. తర్వాత వాటిని మళ్లీ నిలిపారు. 2012లో కొమరం భీం విగ్రహం చేరింది. పగలగొట్టడం తప్పే. కానీ జాబితా ఎవరు రాశారు, ఎవరిని అడిగి రాశారు అన్న ప్రశ్న తప్పు కాదు.

మన గుంటూరులోనే జిన్నా టవర్ ఉంది. స్వాతంత్ర్యానికి ముందు హిందూ ముస్లిం సఖ్యతకు గుర్తుగా కట్టారని పెద్దలు చెప్పగా విన్నాం. 2022 మొదట్లో ఆ పేరు తీసేయాలని కొందరు, కూల్చాలని కొందరు, ఉంచాలని కొందరు వాదించారు. చివరకు దానికి మూడు రంగులు వేసి ఫిబ్రవరిలో జాతీయ జెండా ఎగరేశారు. నా మటుకు నాకు అక్కడ ఇంకొకటి కావాలనిపిస్తుంది. ఎవరు, ఏ పరిస్థితిలో, ఏమి ఆశించి కట్టారో చెప్పే ఒక పలక. నీల్ విగ్రహాన్ని దించాల్సి వచ్చింది. కానీ అన్ని రాళ్లనూ దించనక్కరలేదు. కొన్నింటి పక్కన నాలుగు వాక్యాలు రాస్తే చాలు.

ఇంకా చోటు దొరకనివాళ్లు

మన కూడళ్లలో ఆడరూపు ఎక్కడుందో ఒకసారి చూడండి. తెలుగుతల్లి ఉంటుంది. ఆమె మనిషి కాదు, భావన. నిజంగా బతికిన ఆడమనిషి విగ్రహం దొరకాలంటే చాలాదూరం నడవాలి. గుంటూరులో శారదానికేతన్ నడిపిన ఉన్నవ దంపతుల్లో 'మాలపల్లి' రాసిన లక్ష్మీనారాయణ గారి పేరు చెబితే తలూపేవాళ్లు, లక్ష్మీబాయమ్మ గారి పేరు చెబితే ఆలోచనలో పడతారు. ఇక పత్తి ఏరేవాళ్లు, మిరపకాయల తొడిమలు తీస్తూ ఘాటుకు తుమ్ముతూ దగ్గుతూ రోజంతా కూర్చునేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్ల చేతుల మీదుగా వచ్చిన పంట పేరుతోనే గుంటూరు పేరు దేశాలు దాటింది.

పత్తి ఏకే నూర్‌బాషాల కుటుంబంలో పుట్టిన పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథను దేశానికి వినిపించారు. 1986లో పద్మశ్రీ వచ్చింది. తన జీవితకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నారు. ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం దాకా వెళ్లింది. వాళ్ల పేర్లు మన కూడళ్లలో ఎంతగా వినపడాలో అంతగా వినపడటం లేదు. నల్లమల చెంచులు, యానాదులు, లంబాడీలు ఇంకా వెనుక.

చచ్చిపోయినవాళ్ల సంగతి మరీ విచిత్రం. 1832–33 నాటి గుంటూరు కరువును మనవాళ్లు డొక్కల కరువు అన్నారు. జిల్లా జనంలో మూడోవంతు, అంతకు మించి కూడా పోయారని లెక్కలు. ఇన్నేళ్లు ఈ జిల్లాలో తిరిగాను, వాళ్ల పేరిట ఒక్క రాయి నా కంటపడలేదు. 1987–88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. వాళ్లకూ రాయి చూడలేదు. చీమకుర్తి గ్రానైటు ప్రపంచమంతా పోతుంది. ఆ జిల్లా రైతు పేరు మీద నిలపడానికి ఒక్క పలక మిగల్లేదా?

కులానికొక విగ్రహం పెడుతూ పోతే కూడళ్లు చాలవు గదా అని మన సమావేశంలో ఒక మిత్రుడన్నాడు. అందులో కొంత నిజముంది. విగ్రహాలు కులాల సరిహద్దు రాళ్లుగా మారిన ఊళ్లు నాకు తెలుసు. ఒక విగ్రహానికి అవమానం జరిగితే రెండు వాడలు కర్రలు పట్టుకోవడం, పోలీసు పికెట్ వేయడం మనం సర్వీసులో చూశాం. పైగా 2013 జనవరిలో సుప్రీంకోర్టు రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద కొత్త విగ్రహాలు పెట్టరాదంది. కనుక దారి ఇంకోటి ఉంది. అది అమరావతి దారే. గ్రంథాలయం ముందు, బడి ఆవరణలో, మార్కెట్ యార్డులో, పంచాయతీ ఆఫీసు గోడ మీద పేర్ల పలకలు పెట్టవచ్చు. చెరువు తవ్విన కూలీల పేర్లు, కరువులో పోయినవాళ్ల గుర్తు, ఊరి మంత్రసాని పేరు. విగ్రహానికి ఒక్కరే సరిపోతారు. పలక మీద నలభైమంది పడతారు. ఆ పేర్లు ఎంచే కమిటీలో అన్ని వాడలవాళ్లూ, ఆడవాళ్లూ కూర్చోవాలి. అది మాత్రం ముఖ్యం.

మళ్లీ ఆ పల్లె

రిటైరైన కొన్నాళ్లకు ఒక పెళ్లికి వెళుతూ ఆ ఊరి మీదుగా ప్రయాణించాను. బస్సు దిగాను. కూడలిలో ఊరి పెద్ద విగ్రహం అలాగే ఉంది. అంబేద్కర్ విగ్రహం పల్లె మొదట్లో, వాళ్ల సొంత స్థలంలో ఉంది. అర్జీ పెట్టిన ఏడాదే అక్కడ పెట్టుకున్నారట. దగ్గరకు వెళ్లి చూస్తే పీఠం మీద నాపరాయి పలక, దాని మీద చందాదారుల పేర్లు. చాలా పేర్ల పక్కన భార్య పేరు, తల్లి పేరు కూడా ఉన్నాయి. నేను చదవకుండా ఫైలులో కుట్టేసిన జాబితా అది. అర్జీలో వేలిముద్రలు వేసినవాళ్ల పేర్లు ఇక్కడ అక్షరాల్లో ఉన్నాయి.

పలక చివరి దాకా చదివాను. అరుగు మీద కూర్చున్న ముసలామె, "ఎవరు కావాలయ్యా?" అని అడిగింది. ఎవరూ వద్దమ్మా, ఊరికే చూస్తున్నానన్నాను. మంచినీళ్లు ఇచ్చింది, తాగాను. 1991లో ఆ కాగితం రాసింది నేనేనని ఆమెతో చెప్పలేకపోయాను. ఈ వ్యాసంలో చెబుతున్నాను.

సభ్యులందరికీ ఒక విన్నపం. మనలో రెవెన్యూలో చేసినవాళ్లున్నారు, పంచాయతీరాజ్‌లో, రోడ్లు భవనాల శాఖలో చేసినవాళ్లున్నారు, ఉపాధ్యాయులున్నారు. ఏ ఊరి కూడలిలో ఏ రాయి ఎప్పుడు ఎవరి అనుమతితో లేచిందో మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీ ఊళ్లోని విగ్రహాల పీఠాల మీద ఏమి రాసి ఉందో ఒకసారి వెళ్లి చదివి, నకలు రాసి సంఘ కార్యాలయానికి పంపండి. ఏ వాడకు ఏ రాయీ లేదో కూడా రాయండి. వచ్చినవన్నీ ఊరివారీగా ఒక రిజిస్టరులో ఎక్కించే పని నేను చేస్తాను. ఆ పని నాకు బాగా అలవాటే.